అర కేజీ తరుగు రాయనని చెప్పాక

మీరు అడిగింది ఇదీ: జీతం బాగానే ఉంది, కానీ ఆఫీసులో దొంగ బిల్లులు రాయమంటున్నారు, చర్చిలో లోకాన్ని విడిచి ఆత్మీయంగా బతకమంటున్నారు, మానేస్తే ఇల్లెలా గడుస్తుంది? సలహా కంటే నాకు జరిగింది చెప్పడం నయం.

గుంటూరు మిర్చి యార్డులో, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక కమీషన్ కొట్టులో ఆరేళ్ళు గుమస్తాగా చేశాను. అన్ని కొట్లూ అలా ఉండవు, మాది ఉండేది. కాటా సరిగ్గానే చూపించేది. మోసమంతా రైతుకిచ్చే తూకం చీటీలో. బస్తాకు అర కేజీ తరుగు, అంటే తూకంలో కోత, అదనంగా రాయాలి. 60 బస్తాలు తోలిన రైతుకు 30 కేజీలు పోతాయి. క్వింటా 10 వేలు వేసుకున్నా 3 వేల రూపాయలు. రాత్రంతా లారీలో బస్తాల మీద పడుకుని వచ్చిన మనిషికి ఆ లెక్క చూసే ఓపిక ఎక్కడిది?

అప్పట్లో నన్ను మంచి విశ్వాసి అనేవారు. నేనూ అనుకునేవాణ్ణి. ఇంట్లో టీవీ లేదు, మా ఆవిడ కమ్మలు తీసేసింది, ఆదివారం తెల్లబట్టలేసుకుని పాటలకు డోలక్ వాయించేవాణ్ణి. లోకమంటే టీవీ, నగలు అనుకున్నాం. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అని సామెతలు 11:1లో ఎన్నిసార్లు చదివానో. మా త్రాసు సరిగ్గానే ఉంది కదా అని సర్దుకునేవాణ్ణి!

ఓ సీజన్‌లో సత్తెనపల్లి వైపు పెద్దాయన ఒకరు చీటీ అందుకుంటూ, "ప్రార్థన చేసుకునే పిల్లోడివంట గదా, నువ్వు రాస్తే ఇంక చూసుకునే పనేముంది" అన్నాడు. వెటకారం కాదు, నమ్మి అన్నాడు. తరుగు అప్పటికే రాసేశాను.

మర్నాడు ఓనరుతో ఆ చీటీలు ఇక రాయనన్నాను. కోప్పడలేదు. "సరేలే, గోడౌన్ చూసుకో" అని పుస్తకం ఇంకో కుర్రాడి చేతిలో పెట్టాడు. నా చెయ్యి శుభ్రం, రైతు నష్టం మాత్రం మామూలే. మూడు నెలలకు మానేసి పట్నంబజారులో స్టీలు సామాన్ల కొట్లో చేరాను. 18 వేల జీతం 12 వేలయింది.

ఇలాంటి వాళ్ళకు హాయిగా నిద్రపడుతుందంటారు. మొదటి ఏడాది పాప ఫీజు టెన్షన్‌తో నాకు నిద్రే లేదు. చర్చిలోనేమో, దేవుడు రెండింతలు ఇచ్చాడని సాక్ష్యం చెప్పమన్నారు. ఇవ్వలేదండీ. పస్తులు పెట్టలేదు, అంతే. ‘ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును’ అన్న యేసు మాటను బ్యాంకు డిపాజిట్‌లా చూడటం కూడా లోకమే అని నాకనిపిస్తుంది.

నేను పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో. మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా వదిలి 1883లో గుంటూరు వచ్చిన సంగతి ప్రసంగాల్లో తరచూ వింటాం. గొప్ప మనిషి. కానీ నాలాంటి గుమస్తా దగ్గరికి త్యాగం అర కేజీ రూపంలోనే వస్తుంది.

మీరు రేపే రాజీనామా ఇవ్వకండి. ముందు ఆ బిల్లు రాయనని చెప్పండి, ఇంకో పని వెతుక్కోండి. సువార్త చెప్పిన పౌలంతటివాడే డేరాలు కుట్టుకుని బతికాడు. పాస్టరు గారికంటే ముందు ఇంట్లో ఆవిడతో మాట్లాడండి. నేను తిరగేసి చేశాను, ఇప్పటికీ దెప్పుతుంది.

ఇంకొకటి. బైబిల్లో సుంకాలు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. నావల్ల కాలేదు. మూడు వేలు పోగేసి ఆ పెద్దాయన ఊరు వెళ్ళాను. విషయం విని చాలాసేపు మాట్లాడలేదు. మజ్జిగ ఇప్పించాడు. డబ్బు లెక్కపెట్టి జేబులో పెట్టుకుని, "మా బావమరిది సరుకు కూడా మీ కొట్టుకే తోలాం గదయ్యా" అన్నాడు.

ఆ బాకీ ఇంకా ఉంది. వచ్చే నెల చిట్టీ పాట పాడి డబ్బు తీసుకున్నాక వెళ్ళాలి.