వివృతబీజాలు తెలిసిన అమ్మాయికి జిమ్నోస్పెర్మ్ కొత్త మాట కాదు

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఈ ఏడాది ఇంటర్ బైపీసీలో ఇంగ్లిషు మాధ్యమానికి మారింది. నీట్ రాయాలని ఆశ. పుస్తకంలోని మాటలు రాత్రి బట్టీ పడితే తెల్లారేసరికి మరచిపోతోంది. ధాతువులు, ఉపసర్గలు, ప్రత్యయాలు వస్తే ఇంగ్లిషు మాటలు సులువవుతాయని తెలిసినవారు అయిదు వందల ధాతువుల పట్టిక ఇచ్చారు. కంఠస్థం చేయించమంటారా? నాకు ఇంగ్లిషు రాదు.
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: ఆ పట్టికను ప్రస్తుతానికి పక్కన పెట్టించండి. పద్ధతి మంచిదే గానీ, పాఠంతో సంబంధం లేకుండా అయిదు వందల ముక్కలను బట్టీ పట్టడమంటే ఉన్న బరువు మీద ఇంకో బరువు వేయడమే. పైగా ఈ పద్ధతి మీ అమ్మాయికి కొత్తది కాదు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అనే మాటలన్నీ 'హృ' అనే ఒకే ధాతువు నుంచి వచ్చాయనీ, ముందున్న ఉపసర్గ మారినప్పుడల్లా అర్థం మారిపోతుందనీ తెలుగు చదివిన పిల్లలకు చెబితే వెంటనే పట్టుకుంటారు. ఇంగ్లిషు శాస్త్ర పదాల్లో అధికభాగం గ్రీకు, లాటిన్ ముక్కలతో ఇదే తీరున కట్టినవి.

మన శాస్త్ర పరిభాషలోని చాలా మాటలు ఆ గ్రీకు మాటలకు ముక్కకు ముక్కగా సరిపోతాయి. జిమ్నోస్ అంటే ఏ కప్పూ లేనిది, స్పెర్మ అంటే విత్తనం. రెండూ కలిస్తే జిమ్నోస్పెర్మ్, మన వివృతబీజం. ఫోటో అంటే వెలుగు, సిన్ అంటే కలిపి, థీసిస్ అంటే ఉంచడం; ఫోటోసింథసిస్ మన కిరణజన్య సంయోగక్రియ. ఆంఫి అంటే రెండు వైపులా, బయోస్ అంటే జీవితం. ఆంఫీబియన్ మన ఉభయచరం. తెలుగు మాధ్యమంలో చదవడం వెనకబాటని మీ అమ్మాయి అనుకుంటూ ఉంటే, ఆ ఆలోచన ముందుగా మాన్పించండి. ఇంగ్లిషులోనే చదివిన పిల్లలకు జిమ్నోస్పెర్మ్ ఉత్త శబ్దంగా మిగిలిపోవచ్చు. ఈమెకు దాని అర్థం ముందే చేతిలో ఉంది.

ఒక్క మాటను దగ్గరగా చూద్దాం. ఎనీమియా అంటే రక్తహీనత. ఇందులో 'అన్' అంటే లేని, 'హైమ' అంటే రక్తం. అదే రక్తం హిమోగ్లోబిన్‌లోనూ, హీమోఫిలియాలోనూ ఉంది. తెలుపు అని అర్థమిచ్చే 'ల్యూకోస్' ముందు చేరితే ల్యూకేమియా అవుతుంది. ఆ తెలుపుకు కణం అని అర్థమిచ్చే 'సైట్' కలిస్తే ల్యూకోసైట్, అంటే తెల్ల రక్తకణం. ఎరుపు అని అర్థమిచ్చే 'ఎరిత్రో' కలిస్తే ఎరిత్రోసైట్. ఇంకో సంగతి నాకు ఎప్పుడూ ఆనందం కలిగిస్తుంది. మనం హల్లుకు ముందు 'అ' పెట్టి అసత్యం అంటాం, అచ్చుకు ముందు 'అన్' పెట్టి అనర్హం అంటాం; గ్రీకులోనూ సరిగ్గా అదే నియమం. సంస్కృతం, గ్రీకు ఒకే భాషా కుటుంబానికి చెందినవి కావడమే అందుకు కారణం.

అయితే జాగ్రత్త పడాల్సిన చోట్లున్నాయి. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ; వినడానికి దగ్గరగా ఉన్నా హైపర్‌గ్లైసీమియాకూ (రక్తంలో చక్కెర ఎక్కువ కావడం) హైపోగ్లైసీమియాకూ (తక్కువ కావడం) చేసే వైద్యం పూర్తిగా వేరు. యాంటీబయాటిక్‌లో ఉన్నది వ్యతిరేకత, యాంటీనేటల్‌లో ఉన్నది 'ముందు' అనే అర్థం, అంటే కాన్పుకు ముందు. ఇంగ్లిషు వర్ణక్రమంలో తేడా ఉన్నా మన పలుకుబడిలో రెండూ ఒకటైపోతాయి. పెడెస్ట్రియన్‌లోని 'పెడ్' లాటిన్‌లో పాదం, పీడియాట్రిక్స్‌లోనిది గ్రీకులో బిడ్డ. మలేరియాకు ధాత్వర్థం చెడు గాలి. కానీ అది దోమల ద్వారా వస్తుందని తేల్చిన పరిశోధనలో కీలకమైన ఘట్టం 1897లో రొనాల్డ్ రాస్ చేతుల మీదుగా మన సికింద్రాబాదులోనే జరిగింది. అందువల్ల ముక్కలు విడదీసి ఊహించిన అర్థాన్ని పాఠంతోనో, నిఘంటువుతోనో సరిచూసుకున్నాకే నమ్మాలి.

ఆచరణలో ఇలా చేయించండి. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనివ్వండి. ఆ రోజు కాలేజీలో జరిగిన పాఠం నుంచే అయిదు మాటలు తీసుకుని, ఒక్కొక్కదాన్ని ముక్కలుగా విడదీసి, ముక్కల కింద తెలుగు అర్థం, పక్కన తెలుగు పారిభాషిక పదం, అదే ముక్క ఉన్న మరో రెండు మాటలు రాయాలి. పదో తరగతి వరకు చదివిన తెలుగు జీవశాస్త్ర పుస్తకాలు ఇంట్లో ఉంటే పారేయకండి, వాటితో చాలా పని ఉంది. ప్రస్తుత పద్ధతిలో నీట్‌లోని 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివే కాబట్టి ఈ శ్రమ వృథా కాదు. ఒకవేళ సీటు రాక నర్సింగ్, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్, మెడికల్ కోడింగ్ వంటి దారుల్లోకి వెళ్లినా అక్కడా ఇవే మాటలు ఎదురవుతాయి. మాట్లాడే ఇంగ్లిషు మాత్రం దీనితో రాదు. దానికి రోజూ వినడం, చదవడం, రాయడం వేరుగా సాగాలి.

మీకు ఇంగ్లిషు రాదని రాశారు. దానివల్ల ఇబ్బంది లేదు. రాత్రి భోజనాలయ్యాక నోటుబుక్కు మీ చేతిలోకి తీసుకుని, తెలుగు వైపు ఉన్న మాటను మీరు చదవండి: 'ఉభయచరం' అని. ఇంగ్లిషు మాట, దాని ముక్కలు ఆమె చెబుతుంది. తడబడిన మాట పక్కన ఒక చుక్క పెట్టి, ఆదివారం మళ్లీ అడగండి.