ఫోన్‌లో ఉచితంగా దొరికే పాత జాజ్ ఆల్బమ్‌ని డబ్బు పోసి వినైల్‌గా, అంటే పాతకాలపు నల్ల రికార్డుగా, కొనడం దండగ కాదా?

దండగ కాదండీ. అమెరికన్ శాక్సోఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ చేసిన 'శాక్సోఫోన్ కొలోసస్' విషయంలో అయితే అస్సలు కాదు. ఏడేళ్లు దాన్ని ఇయర్‌ఫోన్స్‌లోనే విన్నాను, న్యూజెర్సీ రైల్లో ఆఫీసుకి పోతూ. పోయిన చలికాలం కొత్తగా వేసిన వినైల్ రికార్డు తెప్పించాను. మొదటిది అప్పడంలా వంగి వచ్చింది, ముల్లు పెడితే పడవలా లేస్తోంది, పడుతోంది. అమ్మినవాళ్లేమో ఇదంతా మామూలే అన్నారు. అంత డబ్బు తీసుకుని పల్చటి అట్టలో చుట్టి పంపడమేమిటి? మూడు మెయిళ్లు కొడితే గానీ మార్చలేదు.

రెండోది వచ్చేసరికి రాజమండ్రి నుంచి అమ్మ వచ్చి ఉంది. హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. మొదటి పాట 'సెయింట్ థామస్'. ముందు మాక్స్ రోచ్ డ్రమ్స్ ఒక్కటే వస్తాయి, ఆ తర్వాతే శాక్సోఫోన్ అందుకుంటుంది. కాసేపటికి చూస్తే అమ్మ ఈనె లాగడం ఆ దరువుకే పడుతోంది. "ఏంట్రా ఇది, పిల్లల్ని ఆడించే పాటలా ఉంది" అంది. నాకు ఒళ్లు జలదరించింది. రోలిన్స్ వాళ్లమ్మది కరీబియన్‌లోని వర్జిన్ దీవులు, చిన్నప్పుడు ఆవిడ పాడగా విన్న బాణీ అది. ఆ సంగతి అమ్మకి నేనెప్పుడూ చెప్పలేదు.

1956 జూన్ 22న హాకెన్‌శాక్‌లో, మా ఊరికి దగ్గరే, రూడీ వాన్ గెల్డర్ అనే సౌండ్ ఇంజనీరు తన అమ్మానాన్నల ఇంటి హాల్లోనే ఇది రికార్డు చేశాడు. పగలంతా కళ్లు పరీక్షించి అద్దాలు రాసే మనిషి! మోనో రికార్డింగ్, అంటే రెండు చెవులకీ ఒకటే శబ్దం, కాబట్టి ఇయర్‌ఫోన్స్‌లో అంతా తల మధ్యలో ఇరుక్కుంటుంది, అదే స్పీకర్లలో అయితే నలుగురూ ఎదురుగా నిలబడి వాయిస్తున్నట్టుంటుంది. 'స్ట్రోడ్ రోడ్'లో పియానో, డ్రమ్స్ తప్పుకుని రోలిన్స్, డగ్ వాట్కిన్స్ బేస్ ఇద్దరే మిగిలే చోటుంది, అక్కడ తీగ మీద వేలు పడటం కూడా తెలిసింది నాకు. రైల్లో ఏడేళ్లూ అది వినబడనే లేదు.

ఇంత మంచి రికార్డుని కొని, కవరు కూడా విప్పకుండా, రేటు పెరిగాక అమ్ముకుందామని బీరువాలో దాచేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

వెనక వైపు చివర 'బ్లూ 7' ఉంటుంది, పదకొండు నిమిషాలు. రోలిన్స్, రోచ్ అప్పట్లో ట్రంపెట్ వాయించే క్లిఫర్డ్ బ్రౌన్‌తో కలిసి వాయించేవాళ్లు. ఈ రికార్డింగ్ అయిన నాలుగో రోజు కారు ప్రమాదంలో బ్రౌన్ పోయాడు. పాతికేళ్లవాడు. ఇది వాయిస్తున్నప్పుడు అలా జరగబోతోందని వాళ్లిద్దరికీ తెలీదు. ఆ రాత్రి అమ్మ పడుకున్నాక, సౌండ్ తగ్గించి, దాన్ని రెండుసార్లు పెట్టుకున్నాను.