హెడ్‌లైట్ కనెక్టర్ కరిగిపోతే చూడాల్సింది వైరింగే

కారు హెడ్‌లైట్‌కి 100/90 వాట్ల (హైబీమ్‌కి 100, లోబీమ్‌కి 90) బల్బులు వేశాక కనెక్టర్ కరిగిందంటే తప్పు బల్బుది కాదు. కంపెనీ వైరు 60/55 వాట్లకు సరిపడా ఇచ్చింది. ఇప్పుడు హైబీమ్‌లో రెండు బల్బులూ కలిసి 10 ఆంపియర్ల బదులు దాదాపు 17 లాగుతున్నాయి.

1. ముందు, వైరింగ్ మార్చేదాకా పాత బల్బులే పెట్టేయండి.
2. కరిగిన కనెక్టర్ బదులు సిరామిక్ హోల్డర్ తీసుకోండి.
3. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) కిట్ వేయించండి. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి రావాలి, పాత వైరు రిలేను ఆన్ చేయడానికే.
4. చాలామంది వదిలేసేది ఇదే: బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఫ్యూజ్ ఉండాలి. రిలే దగ్గర పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు అది కాపాడదు. మంటలే! ఎర్త్ వైరు (కరెంటు బాడీ గుండా తిరిగి వెళ్లే వైరు) కూడా పెయింట్ గీకి ఇనుముకే బిగించాలి.

మెకానిక్ ఒరిజినల్ వైరు కోస్తానంటే ఒప్పుకోకండి, వారంటీకి ఎసరు.