జిమ్ అయిన అరగంటలోపు ప్రోటీన్ తాగకపోతే కండ పెరగదా?

పెరుగుతుంది, అరగంట గడువు కన్నా రోజు మొత్తంలో ఎంత ప్రోటీన్ తిన్నారన్నదే ముఖ్యం. బరువులెత్తాక కండలో జరిగే మరమ్మతు ఒక్క గంటలో ముగిసిపోదు. దాదాపు రోజంతా, కొత్తవాళ్లలో ఇంకాస్త ఎక్కువసేపు నడుస్తుంది. కాబట్టి గంటా రెండు గంటల్లో మామూలుగా తిన్నా చాలు. పరగడుపున వ్యాయామం చేసేవాళ్లు మాత్రం మరీ ఆలస్యం చేయొద్దు.

కండ పెంచాలనుకునేవాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రోటీన్ కావాలి. అనంతపురంలో 60 కిలోల కుర్రాడికి 95 గ్రాముల దాకా అన్నమాట. జిమ్ నుంచి వస్తూ ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు లాగిస్తే కడుపు నిండుతుంది గానీ, బొరుగుల్లో ఉండేది ఎక్కువగా పిండిపదార్థమే. ఉగ్గాని మానక్కర్లేదు, పక్కన మూడు ఉడకబెట్టిన గుడ్లు పెట్టుకుంటే 18 గ్రాములు అక్కడే వస్తాయి. మధ్యాహ్నం సంగటిలోకి ఒట్టి పులుసు కాకుండా 150 గ్రాముల కోడి ముక్కలు పడితే ఇంకో 40 గ్రాములు. మిగతాది పప్పు, పాలు, పెరుగు, సెనగలతో సర్దుకోవచ్చు.

డబ్బాలో పౌడర్ లేనిదే కండ రాదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అదీ ఎక్కువగా పాల నుంచి తీసిన ప్రోటీనే. తిండితో లెక్క కుదరనప్పుడు పనికొస్తుంది, అంతే. చెనిక్కాయలతోనే పని కానిద్దామనేవాళ్లూ ఉన్నారు. 100 గ్రాముల గింజల్లో 25 గ్రాముల ప్రోటీన్ నిజమే, కానీ దాంతోపాటు 50 గ్రాముల కొవ్వూ వస్తుంది. గుప్పెడు చాలు.