సినిమాలో స్పార్టకస్‌ని హీరోగా నిలబెట్టిన గుణాలు ఏమిటి?

నేను సోషల్ టీచర్‌ని. రోమ్ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా 1960లో వచ్చిన ‘స్పార్టకస్’ సినిమా నుంచి కొన్ని సీన్లు పిల్లలకు చూపిస్తుంటాను. రోమ్ మీద తిరగబడిన స్పార్టకస్ అనే బానిస కథ అది. స్టాన్లీ కుబ్రిక్ తీశాడు, కిర్క్ డగ్లస్ హీరో. యుద్ధాలు బ్రహ్మాండంగా ఉంటాయి, కాదనను. నన్ను కట్టిపడేసేది మాత్రం స్పార్టకస్‌లోని ఇంకో గుణం: తనను పశువులా చూసిన వాళ్ల లాగా తాను మారడు.

ఇటలీలోని కాపువా ఊళ్లో గ్లాడియేటర్లకు, అంటే జనం వినోదం కోసం బరిలో కొట్టుకునే బానిసలకు, తర్ఫీదు ఇచ్చే చోట, అతని గదిలోకి వరీనియా అనే బానిస అమ్మాయిని పంపుతారు. పైన ఊచల్లోంచి యజమాని వేడుక చూస్తుంటాడు. అది గమనించి స్పార్టకస్ ‘నేను జంతువుని కాదు’ అని అరుస్తాడు. ‘నేనూ కాదు’ అంటుంది వరీనియా. అతని తిరుగుబాటు నా లెక్కలో అక్కడే మొదలైంది.

తర్వాత ద్రాబా అనే తోటి గ్లాడియేటర్‌తో పోటీ. ద్రాబా గెలిచి, త్రిశూలం స్పార్టకస్ గొంతు మీద పెడతాడు. చంపమని పైనుంచి కేకలు. ద్రాబా గిరుక్కున తిరిగి ఆ త్రిశూలాన్ని పెద్దమనుషుల మీదికే విసిరి, ప్రాణం పోగొట్టుకుంటాడు. ఈ సీన్ చూసి ఒక అబ్బాయి, ‘పొడిచేస్తే తను బతికేవాడు కదా సార్?’ అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, ‘ఈసారి బతుకుతాడు. రేపు ఇంకొకడితో పెడతారుగా!’ అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

స్పార్టకస్ ఆ రుణం మరచిపోడు. తప్పించుకున్నాక, తనవాళ్లు ఇద్దరు రోమన్ దొరలను పట్టుకొచ్చి అదే బరిలో కొట్టుకోమంటుంటే ఆపేస్తాడు. ఇద్దరు మనుషులు చచ్చేదాకా పోరాడటం ఇక చూడనని ఒట్టు పెట్టుకున్నానంటాడు. గెలిచిన రోజు కసి తీర్చుకోకుండా ఆగడం చాలా కష్టం. అందుకే సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఈ సీనే.

అయితే చరిత్రలోని మనిషి ఇంత మెత్తనివాడు కాదు. సహచరుడు క్రిక్సస్ చనిపోయినప్పుడు 300 మంది రోమన్ బందీలను బలి ఇచ్చాడని పాతకాలపు చరిత్రకారుడు అప్పియన్ రాశాడు. పిల్లలకు ఇదీ చెబుతాను, దాచను. దోచుకున్న సొమ్మును అందరికీ సమానంగా పంచేవాడని, వ్యాపారులను బంగారం, వెండి తేనిచ్చేవాడు కాదని రాసిందీ అదే అప్పియన్. క్రీ.పూ. 73లో పదుల సంఖ్యలో బయటపడ్డ గుంపు వేలమంది సైన్యం అయిందంటే, ఇలాంటి నమ్మకం కూడా ఒక కారణమేనని నా అభిప్రాయం.

సినిమా చివర్లో స్పార్టకస్ ఎవరో చెప్పమంటే బందీలంతా లేచి ‘నేనే స్పార్టకస్’ అనే సీన్ చరిత్రలో లేదు. సిలువ మీద చావూ కల్పనే. క్రీ.పూ. 71లో అతను యుద్ధంలోనే పోయాడు, శవం కూడా దొరకలేదు. కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడవునా సిలువ వేసింది పట్టుబడిన 6,000 మందిని.

ఆ చివరి యుద్ధానికి ముందు తన గుర్రాన్ని తెస్తే అక్కడికక్కడే నరికేశాడని ప్లూటార్క్ అనే మరో పాతకాలపు రచయిత రాశాడు. గెలిస్తే శత్రువుల గుర్రాలు బోలెడు, ఓడితే ఇది అక్కర్లేదు అన్నాడట. సైన్యమంతా చూస్తుండగా, పారిపోయే దారి తనకు తానే మూసుకున్నాడు. ఇది సినిమాలో పెట్టకపోవడం నాకు పెద్ద వెలితి.