దేవమాలి కొండ మీద రెండు రాత్రులు: 14 నెలల పాపతో వెళ్లవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. బాబుకు నాలుగేళ్లు, పాపకు 14 నెలలు. కార్తీకంలో బంధువులతో కలిసి ఘాట్ దాటి ఒక జలపాతం దగ్గర వనభోజనానికి వెళ్లాం. దారి పొడవునా బాబుకు వాంతులు. మర్నాటి నుంచి పాపకు విరేచనాలు, మూడు రోజులు తగ్గలేదు. ఇప్పుడు క్రిస్మస్ సెలవులు కలిసి వచ్చాయని మావారు కొరాపుట్ జిల్లాలోని దేవమాలిలో గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉండే ఏర్పాటు చేశారు. ‘పాలు తాగే పిల్లను కొండల్లో తిప్పుతారా’ అని మా అత్తగారు కోప్పడుతున్నారు. మందుల దుకాణంలో వాంతుల మాత్ర ఇచ్చి, ఇద్దరికీ చెరి సగం వేయమన్నారు. వేయవచ్చా? వెంట ఏయే మందులు ఉంచుకోవాలి?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్ర సంగతి తేల్చేద్దాం. పాపకు వేయవద్దు. సగమూ వద్దు, పావూ వద్దు. ప్రయాణపు వాంతులకు ఇచ్చే మాత్రల్లో తరచుగా ప్రోమెథజిన్ ఉంటుంది. రెండేళ్ల లోపు పిల్లలకు అది ఇవ్వకూడదు. ఊపిరి మందగించి పసిపిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి కాబట్టే ఆ నిషేధం. పెద్దల మాత్రను విరిస్తే పిల్లల మోతాదు అవుతుందనే లెక్క మన ఇళ్లలోకి ఎవరు తెచ్చారో గానీ, దాన్ని వదిలించడానికే నా రోజులో కొంత పోతుంది.

నిజానికి పాపకు ఆ మందుతో పనే లేదు. రెండేళ్ల లోపు పిల్లలకు ఘాట్ మలుపుల వల్ల వాంతులు రావడం అరుదు. ఆ బాధ మీ బాబు వయసులో మొదలై పన్నెండేళ్ల దాకా ఎక్కువగా ఉంటుంది. లోపలి చెవిలో ఒంటి తూకం చూసుకునే భాగం ‘తిరుగుతున్నాం’ అని కబురు పంపుతుంది. ఫోను మీద నిలిచిపోయిన కళ్లు ‘ఏదీ కదలడం లేదే’ అంటాయి. ఈ రెండు కబుర్లకూ పొత్తు కుదరక మెదడు తికమకపడితే కడుపు తిప్పుతుంది. లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్లే దారిలో మలుపులు మొదలయ్యే చోటే పిల్లాడు విసిగి ఏడుపు అందుకుంటాడు, సరిగ్గా అక్కడే పెద్దవాళ్లు చేతిలో ఫోను పెడతారు. బొమ్మల పుస్తకం ఇచ్చినా అంతే. వెనుక సీటులోనే, ముందు అద్దంలోంచి దారి కనిపించేలా కూర్చోబెట్టి, దూరపు కొండను చూపిస్తూ ఏదో ఒకటి మాట్లాడించండి. నిద్రపోతే మరీ మంచిది. బయలుదేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. పూరీ కూర వద్దు, ఖాళీ కడుపూ వద్దు. కారులో వేలాడే సువాసన సీసాను తీసి ఇంట్లో పెట్టండి. ఇంత చేసినా ఆగకపోతే, బాబును ఎప్పుడూ చూసే డాక్టరు బరువును బట్టి మందు రాస్తారు. అది బయలుదేరే ముందే వేయాలి. వాంతులు మొదలయ్యాక వేస్తే మందు కూడా వాటితోనే బయటికి వస్తుంది.

ఇంకొక మాట. పాపను ఒళ్లో పెట్టుకుని ముందు సీటులో కూర్చునే అలవాటు ఉంటే మానుకోండి. గట్టిగా బ్రేకు పడితే తల్లి చేతులు బిడ్డను ఆపలేవు. 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ ఉండాలని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టమే చెబుతోంది.

ఇక పాప విరేచనాలు. కొండగాలి తగిలిందనో, దిష్టి తగిలిందనో ఇంట్లో అనుకుని ఉంటారు. నేను అడిగేది ఒకటే: ఆ రోజు పాల సీసా ఎక్కడ కడిగారు? మీరు రాయలేదు గానీ, వనభోజనాలైనా, మన ఒడియా పొరుగువాళ్ల బణభోజి అయినా, మర్నాడు విరేచనాలతో వచ్చే పసివాళ్ల తల్లులను అడిగితే చాలామంది చెప్పే జవాబు ‘అక్కడి నీళ్లు అద్దంలా ఉన్నాయండీ, అందులోనే కడిగాను’. అద్దంలా ఉన్న ఆ ఏటిలోనే పైన ఎక్కడో పశువులు దిగుతాయి, మనుషులూ దిగుతారు. సీసా మూత తిప్పే మరలలో, రబ్బరు పీక అడుగున నిన్నటి పాల జిడ్డు ఉంటుంది. క్రిములకు అంతకంటే ఏం కావాలి? ఈసారి సీసాను ఇంట్లోనే వదిలేయండి. 14 నెలల పిల్ల గిన్నెతో, చెంచాతో హాయిగా తాగగలదు. మీ అత్తగారి దగ్గర పాత ఉగ్గుగిన్నె ఉంటే అదే తీసుకెళ్లండి. దాన్ని కడగడం తేలిక, మరిగే నీళ్లు పోస్తే శుభ్రమైపోతుంది. పాప ఇంకా మీ పాలు తాగుతుంటే ప్రయాణంలో అంతకు మించింది లేదు. నీళ్లు ఇంటి నుంచి కాచినవే పట్టుకెళ్లండి. అయిపోతే అక్కడ తెర్లేదాకా కాచి చల్లార్చి వాడండి.

అన్నం విషయంలోనూ జాగ్రత్త ఉండాలి. తెల్లవారుజామున వండి వేడి మీదే మూత బిగించిన అన్నం, మధ్యాహ్నం రెండింటికి గోరువెచ్చగా ఉంటే ‘ఇంకా వేడిగానే ఉంది’ అని సంతోషిస్తాం. ఆ గోరువెచ్చదనంలోనే క్రిములు పెరుగుతాయి. పులిహోర పెద్దలకు ఫరవాలేదు. పాపకు అటుకులో, అరటిపండో, అక్కడికక్కడ ఉడికించిన పప్పన్నమో పెట్టండి.

మళ్లీ విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ మొదలుపెట్టండి. లీటరు పొట్లాన్ని పూర్తిగా లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. ఒక్క గ్లాసు నీళ్లలో మొత్తం పొట్లం ఒంపేసిన తల్లిని నేను చూశాను. ‘బలంగా ఉంటుందని కలిపాను’ అంది. అలా కలిపితే ఉప్పు ఎక్కువై పిల్ల ఒంట్లో ఉన్న నీరు కూడా లాగేస్తుంది. పాపకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, బాబుకైతే 100 నుంచి 200, చెంచాతో నెమ్మదిగా పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయండి. దాంతోపాటు జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు ఇవ్వాలి. అట్టపెట్టెల్లో దొరికే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని వాటి మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. విరేచనాలు ఆపే లోపెరమైడ్ మాత్రం మీ సంచిలోకే రాకూడదు. మలంలో నెత్తురు కనిపించినా, కళ్లు గుంటలు పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, పాప వాడిపోయి తాగడం మానేసినా, ఇక కొండ మీద ఉండకండి. 108కి ఫోను చేయండి, లేదా కారు తీసి దిగండి.

మీ అత్తగారి కోపంలో సగం న్యాయం ఉంది. పసిపిల్లలతో ఊరు దాటకూడదనేది నేను ఒప్పుకోను. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. ఆ ఎత్తుకు గాలి పల్చబడి పిల్లలకు జబ్బు చేస్తుందన్న భయం అక్కర్లేదు. చెవులు దిబ్బడ వేస్తే పాపకు పాలు పట్టండి, గుటక వేస్తే సర్దుకుంటుంది. నాకు నచ్చనిది ఆ గుడారం. డిసెంబరు రాత్రుల్లో అక్కడి చలి ఎలా ఉంటుందో రాయగడలో ఉండే మీకు నేను చెప్పనక్కర్లేదు. 14 నెలల పిల్ల ఒళ్లు మనకంటే త్వరగా చల్లబడుతుంది, చలేస్తోందని చెప్పనూ లేదు. చలికి తట్టుకోలేక పెద్దవాళ్లు చేసే పని ఇంకా భయపెడుతుంది: బయట కాచుకున్న బొగ్గుల కుంపటిని పడుకునే ముందు గుడారంలోకి తెచ్చి జిప్పు లాగేస్తారు. పొగ కనిపించకపోయినా రగిలే బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తూనే ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువే రాదు. అందుకని నా సలహా: పగలంతా కొండ మీద గడపండి, రాత్రికి సెమిలిగుడలోనో కొరాపుట్‌లోనో గోడలున్న గదిలో పడుకోండి. గుడారం సరదా బాబుకు ఎనిమిదేళ్లు వచ్చాక తీరుతుంది. ‘మావారు ముందే డబ్బు కట్టేశారు’ అంటారేమో. కట్టినా సరే.

గది అయినా దోమతెర తప్పదు. మలేరియా దోమ అంటే మురికి కాలువలు గుర్తుకొస్తాయి. మన కొండల్లో మలేరియాను మోసే దోమల్లో ఒక జాతి పారే తేటనీటి సెలయేళ్ల ఒడ్డునే పెరుగుతుంది, రాత్రిపూట కుడుతుంది. అది వానలతో ముగిసిపోయే బెడద కాదు, చలికాలంలోనూ ఉంటుంది. రాయగడ, కొరాపుట్, మల్కాన్‌గిరి కొండల్లో వచ్చే మలేరియాలో ఎక్కువ భాగం ఫాల్సిపారమ్, అంటే మెదడుకు ఎక్కే రకం. కుట్టిన మర్నాడే జ్వరం రాదు. కనీసం వారం, తరచుగా తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అప్పటికి తల్లి విహారం సంగతే మరిచిపోయి ఉంటుంది, ‘ఎక్కడికైనా వెళ్లారా’ అంటే ‘ఎక్కడికీ లేదండీ’ అంటుంది. తిరిగి వచ్చిన తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. నెల లోపు ఏ జ్వరం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ఆశా కార్యకర్త దగ్గర కూడా వెంటనే ఫలితం తెలిసే పరీక్ష ఉచితంగా చేస్తారు. అలాగే పిల్లలు పొదల్లో ఆడుకున్నాక స్నానం చేయిస్తూ చంకలు, గజ్జలు, చెవుల వెనుక చూడండి. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపించి జ్వరం కూడా ఉంటే అది పొదల్లోని నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. దానికి మంచి మందు ఉంది, కాకపోతే ఆ పొక్కును డాక్టరుకు చూపించాలి. నొప్పి ఉండదు కాబట్టి చాలాసార్లు ఎవరికంటా పడదు.

నీళ్ల దగ్గర ఒక్క నియమం. పదిమంది పెద్దలు ఉన్నచోట పిల్లాడిని ఎవరూ చూడరు, అందరూ ఇంకొకరు చూస్తున్నారనుకుంటారు. పసివాళ్లు మునిగేటప్పుడు అరవరు, చేతులు కొట్టరు, అడుగు లోతు చాలు. గంటకొకరు చొప్పున పేరు చెప్పి అప్పగించండి. ఆ గంట వాళ్ల చేతిలో ఫోను గానీ, పేకముక్కలు గానీ ఉండకూడదు. అత్తగారిని ఇంట్లో వదలకుండా వెంట తీసుకెళ్లమంటాను. ఇంత కోపంగా ఉన్న మనిషి కంటే మంచి కాపలా ఎక్కడ దొరుకుతుంది?

మందుల సంచి చిన్నదే: ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, జింకు, పారాసిటమాల్ సిరప్, థర్మామీటరు, గాయాలకు గుడ్డపట్టీ. యాంటీబయాటిక్ వద్దు, దగ్గు సిరప్ వద్దు. పారాసిటమాల్ దగ్గర మాత్రం సీసాను దీపం వెలుగులో చదవండి. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉన్న సీసా, 250 ఉన్న సీసా పక్కపక్కనే అమ్ముతారు. పసివాళ్ల చుక్కల మందు ఇంకా చిక్కగా ఉంటుంది. కిలోకు 15 మిల్లీగ్రాములు లెక్క. పది కిలోల పిల్లకు మొదటి సీసాలోదైతే 6 మిల్లీలీటర్లు, రెండోదైతే 3. ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. మీ పాప బరువు మీరు రాయలేదు. బయలుదేరే ముందు అంగన్‌వాడీలోనో, మీ డాక్టరు దగ్గరో తూయించి, ఎన్ని మిల్లీలీటర్లో వాళ్ల చేతనే సీసా మీద రాయించుకోండి.