గుహలోకి దిగే ముందు

ప్రశ్న: వాలంటీర్‌గా విదేశంలో ఉన్నాను. సెలవు రోజున మా బృందం పది మందిమి ఒక గుహ చూసి సాయంత్రానికి తిరిగి రావాలనుకుంటున్నాం. లోపల చిన్న వాగు ఉందట. సెల్‌ఫోన్ లైటు చాలని గైడ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: చాలదు. అలా చెప్పే గైడ్‌ను మార్చుకోవడమే మేలు. తడి రాతి మీద పాకాల్సిన చోట రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. మనిషికి మూడు లైట్లు కావాలి: హెల్మెట్‌కు బిగించిన హెడ్‌ల్యాంప్, విడిగా మరో హెడ్‌ల్యాంప్, జేబులో చిన్న టార్చి. అదనపు బ్యాటరీలు సరేసరి. గడ్డం కింద పట్టీ లేని హెల్మెట్ వంగగానే ఊడిపోతుంది. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. సింథటిక్ బట్టలు వేసుకోండి.

అన్నిటికన్నా భయపడాల్సింది వాగుకు. గుహ ముందు ఎండ కాస్తున్నా, ఎగువన పడ్డ వాన గంటల తర్వాత లోపలికి చేరవచ్చు. 2018 జూన్ 23న థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది పిల్లలు, వాళ్ల కోచ్ వరద నీటి వల్లే చిక్కుకుపోయారు. ఆఖరివాళ్లు బయటపడేసరికి జూలై 10 అయింది. అందుకే ఎగువ కొండల్లో వాన సూచన ఉందేమో చూడండి. ఉంటే ప్రయాణం మానుకోండి. లోపల గోడల మీద, కప్పు దగ్గర పుల్లలు, ఎండుటాకులు ఇరుక్కుని ఉంటే ఇదివరకు నీరు అంత ఎత్తుకు వచ్చిందన్నమాట. నీరు బురదరంగుకు తిరిగినా, చెత్త కొట్టుకొస్తున్నా, వాగు హోరు పెరిగినా ఆ క్షణమే వెనక్కి మళ్లండి. దారి అప్పటికే మునిగితే ఈదబోకండి. ఎత్తైన చోటికెక్కి ఆగండి.

పది మందికి ఒక్క గైడ్ సరిపోడు. ముందు ఒకరు, చివర అనుభవమున్న మరొకరు ఉండాలి. అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే అందరి వేగం. దారి చీలిన ప్రతిచోటా వెనక్కి తిరిగి చూసుకోండి, తిరుగు ప్రయాణంలో అదే చోటు కొత్తగా కనిపిస్తుంది. తలనొప్పి, ఆయాసం మొదలైతే గాలి చెడిందని అనుమానించి అందరూ బయటికి రావాలి.

లోపల ఫోన్ పనిచేయదు. గుహ పేరు, ఎంతమంది వెళ్తున్నారు, ఎన్నింటికి వస్తారు, ఏ టైము దాటితే ఏ నంబరుకు ఫోన్ చేసి సాయం పిలవాలి అన్నవి కాగితం మీద రాసి, బయట ఉండే నమ్మకస్తుడికి ఇచ్చి వెళ్లండి. ఇన్సూరెన్స్ పాలసీ మినహాయింపుల్లో గుహల ప్రస్తావన ఉందేమో కూడా చదవండి.

ప్రశ్న: గబ్బిలాలున్న గుహ ప్రమాదమా?

జవాబు: రెట్ట పేరుకున్న చోట దుమ్ము లేస్తే అందులోని హిస్టోప్లాస్మా అనే ఫంగస్ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. జ్వరం, దగ్గు సాధారణంగా 3 నుంచి 17 రోజుల్లో బయటపడతాయి. ఆఫ్రికాలో పండ్లు తినే గబ్బిలాలుండే గుహలైతే వెళ్లొద్దనే మా సలహా: ఉగాండాలోని పైథాన్ గుహ చూసొచ్చిన ఒక డచ్ మహిళ 2008లో ఆ గబ్బిలాల నుంచి సోకే మార్‌బర్గ్ అనే ప్రాణాంతక వైరస్‌తో చనిపోయారు. గబ్బిలం కరిచినా గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లండి. వచ్చాక జ్వరమొస్తే డాక్టరుకు మొదట చెప్పాల్సిన మాట గుహకు వెళ్లొచ్చామని.

ప్రశ్న: అవే బూట్లతో మరో గుహకు వెళ్లవచ్చా?

జవాబు: కడగకుండా వద్దు. గబ్బిలాలను చంపే వైట్ నోస్ ఫంగస్ బురదతో అంటుకుని వెళ్తుంది. మట్టి పూర్తిగా గీకేసి, తట్టుకునే సామాన్లను 55 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 20 నిమిషాలు ముంచి ఉంచండి.